చింతపిక్కల క్రికెట్

మా అమ్మానాన్నలు ఏటా మిరపకోతలకు రాష్ట్ర సరిహద్దు దాటి, తెలుగువాళ్లుండే చర్ల వైపు వెళ్లేవారు. ఆ నెలల్లో కిష్టారం దగ్గరి మా పల్లెలో, మా ఇంట్లో మా అన్నా నేనూ ఇద్దరమే. పక్కింటి పెద్దమ్మ అన్నం వండిపెట్టి వెళ్లేది. అవి గొడవల రోజులు, దారులు సరిగా నడిచేవి కావు. బస్సు వచ్చేది కాదు, బడి ఎప్పుడు తెరుస్తారో తెలిసేది కాదు. బయట తిరగొద్దని పెద్దలు చెప్పేవారు. పొద్దంతా పెంకుటింటి వసారాలో కూర్చుని ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం.

ఒక ఏడు కోతలు ముగిశాక నాన్న బబుల్‌గమ్ పొట్లాలు తెచ్చాడు. వాటిలో క్రికెట్ ఆటగాళ్ల కార్డులు ఉండేవి. ముందు వైపు రంగుల బొమ్మ. వెనక వైపు ఆ ఆటగాడు ఆడిన మ్యాచ్‌లు, కొట్టిన పరుగులు, తీసిన వికెట్లు, అడుగున ఒక ర్యాంకు. గమ్ము ఆ పూటే నమిలేశాం. కార్డుల కోసం మాత్రం నాన్న మరుసటి ఏడు కోతలకు వెళ్లేటప్పుడు ఇద్దరం వాగు దాకా వెంటపడి మరీ అడిగాం. అలా రెండు మూడు ఏళ్లలో మా దగ్గర మంచి కట్ట పోగైంది.

ఆ ఆటగాళ్లు ఎవరో నాకు తెలియదు. మా ఊళ్లో టీవీ లేదు. అన్న మాత్రం కిష్టారం సంతలో ఒక కొట్టు ముందు నిలబడి మ్యాచ్ చూసి వచ్చేవాడు. ఎవరు ఎడమచేత్తో ఆడతారో, ఎవరు పరుగెత్తుకుంటూ వచ్చి బంతి వేస్తారో వాడు చేసి చూపించేవాడు. నా మనసులో ఆ ఆటగాళ్లందరికీ మా అన్న నడకే ఉండేది.

మొదట్లో అందరు పిల్లలూ ఆడే ఆటే ఆడాం. కట్టను చెరి సగం పంచుకుని, పైనున్న కార్డు తీసి, "పరుగులు" అనో "వికెట్లు" అనో ఒక మాట అనాలి. ఎవరి కార్డులో అంకె పెద్దదైతే రెండు కార్డులూ వాళ్లవి. కొన్నాళ్లకు కార్డులన్నీ ఇద్దరికీ నోటికొచ్చేశాయి. ఎదుటివాడు కార్డు తీయకముందే ఎవరు గెలుస్తారో తెలిసిపోయేది. అన్న విసుగెత్తి కట్ట నేల మీద పడేశాడు.

"ఇది ఆటేంది చెల్లె? ఇందులో బంతి ఏది? అవుటేది?"

రెండు రోజులు దాని గురించే ఆలోచించాడు. మూడో రోజు అమ్మ పెట్టెలోంచి అష్టాచెమ్మా గవ్వలు తీసుకొచ్చాడు. ఆరు గవ్వలు. బ్యాటింగ్ చేసేవాళ్లు గవ్వలు వేయాలి. ఒకటి వెల్లకిలా పడితే ఒక పరుగు, రెండు పడితే రెండు. మూడు పడితే పరుగు లేదు. నాలుగుకు ఫోర్. ఆరూ వెల్లకిలా పడితే సిక్సర్. అన్నీ బోర్లా పడితే అవుట్. అయిదు పడినప్పుడు మాత్రం అసలు గమ్మత్తు. అప్పుడు ఆడేవాడి కార్డూ బంతి వేసేవాడి కార్డూ తిరగేసి ర్యాంకులు చూడాలి. బ్యాట్స్‌మన్ ర్యాంకు మెరుగైతే బతుకుతాడు, బౌలర్ ర్యాంకు మెరుగైతే వెళ్లిపోతాడు. అందుకని ఏ బౌలర్‌ను ఎప్పుడు దించాలనేది ఆలోచించాల్సి వచ్చేది. మంచి బౌలర్‌ను ముందే వాడేస్తే చివర్లో చేతిలో ఎవరూ మిగలరు. మొదట మూడు పడితే అవుట్ అని పెట్టాడు గానీ, మూడే ఎక్కువ సార్లు పడుతుందని తెలిసి మార్చేశాడు. అలా సరిదిద్దుకుంటూ ఒక ఎండాకాలమంతా గడిచింది. నేను అయిదు పడ్డ ప్రతిసారీ ఏడ్చేదాన్ని. అన్న నవ్వేవాడు కానీ, రూలు మాత్రం నా కోసం మార్చలేదు.

తర్వాత నన్ను కుంట టౌన్లో హాస్టల్లో వేశారు. అన్న చదువు ఆపేసి బోరు లారీ మీద పనికి వెళ్లాడు. మా వైపు కుర్రాళ్లు చాలామంది ఆ పనికే పోతారు. లారీ ఏ ఊరికి పోతే ఆ ఊరు. నల్లగొండ, అనంతపురం, ఒక్కోసారి తమిళనాడు. వెళ్లే ముందు వాడు కార్డుల కట్ట విప్పి, పంచుకుందామన్నాడు. ఒక్కొక్కటిగా కోరుకున్నాం. గవ్వలు వాడు తీసుకున్నాడు. నాకు చింతపిక్కలు పగలగొట్టి, బద్దలను బండ మీద అరగదీసి, ఒక వైపు తెల్లగా మరో వైపు నల్లగా ఉండేలా ఆరు చేసి ఇచ్చాడు.

"తెలుపు పడితే గవ్వ వెల్లకిలా పడ్డట్టు. మల్ల కలిసినప్పుడు ఆడదాం," అన్నాడు.

నేను జగ్‌దల్‌పూర్‌లో నర్సు ట్రైనింగ్ పూర్తి చేశాను. చింతలనార్ వైపు ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో ఉద్యోగం వచ్చింది. రెండు గదులు, ఒక కాన్పు మంచం, ఒక చేతిపంపు. వెనక గదిలో నా కాపురం. అక్కడ అందరూ మాట్లాడేది గోండి. రిపోర్టులూ మీటింగులూ హిందీలో. గోండి నాకు వచ్చు గానీ, అది పనికి సరిపడే గోండి. ఎక్కడ నొప్పి, ఎన్నో నెల, మాత్ర ఎలా మింగాలి, అంతవరకే. నవ్వులాటకు వచ్చేసరికి మాట దొరికేది కాదు. ఆడవాళ్లు చేతిపంపు దగ్గర ఏదో చెప్పుకుని నవ్వుతుంటే, నేనూ నవ్వు మొహం పెట్టి బిందె నింపుకుని వచ్చేదాన్ని. తెలుగు మాట్లాడే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేరు. అమ్మతో మాట్లాడదామంటే మా పల్లెలో టవర్ లేదు.

మా దగ్గర కూడా సిగ్నల్ ఉపకేంద్రం వెనక, కంచె మూలన మాత్రమే దొరికేది. పోలీసు క్యాంపు పక్కన వేసిన టవర్ అది. మాట వినిపిస్తుంది, అంతకు మించి ఏదీ నడవదు. సాయంత్రాలు అక్కడ ఒక స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. అన్న లారీ ఆగినప్పుడు ఫోన్ చేసేవాడు.

మొదట్లో ఆ ఫోన్లు నిమిషంలో అయిపోయేవి.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న. పని ఎట్లుంది?"

"మంచిగనే ఉంది."

ఆ తర్వాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఒకరోజు ఫోన్ పెట్టేయబోతూ, "చెల్లె, నీ పిక్కలు ఉన్నయా?" అన్నాడు.

ఉన్నాయి. పెట్టె అడుగున, కార్డులతో పాటు.

"తెచ్చుకో పో. ఫోన్ల ఆడదాం. ఎవరి బ్యాటింగ్ వాళ్లు వేసుకోవాలె. ఏం పడ్డదో ఉన్నదున్నట్టు చెప్పాలె. దొంగాట లేదు."

అలా మొదలైంది. నేను స్టూలు మీద పళ్లెం పెట్టి, అందులో పిక్కలు వేసి, పడినంతా చెప్పేదాన్ని. అవతల వాడు తన గవ్వలు వేసి చెప్పేవాడు. "రెండు." "మూడు, ఖాళీ." "నాలుగు! ఫోర్!" అయిదు పడినప్పుడు ఇద్దరం ర్యాంకులు చదువుకునేవాళ్లం. వాడి కార్డులు నాకు కనబడవు, నావి వాడికి కనబడవు. అయినా ఒకరినొకరు అనుమానించే ప్రసక్తే రాలేదు. అవన్నీ చిన్నప్పటి నుంచి చేతుల్లో నలిగినవే కదా.

ఆట మధ్యలో వాడి నోరు విప్పుకునేది. "ఇయ్యాల బండ తగిలింది చెల్లె, దుమ్మే దుమ్ము. నీళ్లు పడలే. ఆ రైతు గట్టు మీదనే కూలబడ్డడు." తర్వాత వెంటనే, "ఒకటి. స్ట్రైక్ మారింది," అనేవాడు. నేను కూడా చెప్పేదాన్ని. పొద్దున పుట్టిన బిడ్డ ఏడవడానికి ఎంతసేపు పట్టిందో, అంతసేపూ నేను వీపు ఎలా రుద్దానో. ఊరికే చెప్పమంటే చెప్పలేని మాటలు, రెండు బంతుల మధ్య తేలిగ్గా వచ్చేసేవి. రోజు మొత్తంలో నేను తెలుగు మాట్లాడేది ఆ కాసేపే. ఆట అయిపోయాక కూడా పరుగులు తెలుగులో లెక్కపెట్టుకుంటూ అన్నం తినేదాన్ని.

మా ఊరి మితానిన్ దీదీ, అంటే ఇంటింటికీ తిరిగి ఆరోగ్యం చూసే ఊరి మనిషి, ఒక సాయంత్రం నన్ను చూసింది. తనకు అర్థం కాని భాషలో మాట్లాడుతూ, పళ్లెంలో పిక్కలు వేస్తూ, వాటిని వంగి చూస్తూ ఉన్నాను. ఆమె అటు నుంచి అటే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మర్నాడు ఒక ముసలామెను వెంటబెట్టుకుని వచ్చి, ఈమె మేక పోయింది, నీ పిక్కలు వేసి ఏ దిక్కుకు పోయిందో చెప్పమంది. మా వైపు గునియాలు, అంటే ఊరి మంత్రగాళ్లు, బియ్యపు గింజలు వేసి చూసి చెబుతారు. నాది కూడా అలాంటి విద్యే అనుకుంది. ఇది ఆట అని చెప్పడానికి ప్రయత్నించాను. క్రికెట్ అన్నాను, అన్న అన్నాను. నాకొచ్చిన గోండిలో అది ఎటూ తేలలేదు. చివరికి, ఇవి మనుషుల సంగతే చెబుతాయి, మేకల సంగతి చెప్పవు అన్నాను. ముసలామె తలాడించి వెళ్లిపోయింది. ఆ సంగతి అన్నకు చెబితే వాడు నవ్వి నవ్వి ఫోన్ కింద పడేశాడు.

రెండేళ్లు అలా ఆడాం. నేనూ గెలిచేదాన్ని, వాడూ గెలిచేవాడు. నాకు బాగా గుర్తున్న మ్యాచ్ ఒకటుంది. వాడి చివరి బ్యాట్స్‌మన్, ఏ మాత్రం ర్యాంకు లేనివాడు, వరసగా ఫోర్లు కొట్టి నన్ను ఓడించాడు. ఆ కోపంలో నేను ఫోన్ పెట్టేశాను. మళ్లీ వాడే చేసి, "ఏందే, నిజం క్రికెట్లనన్న ఇట్ల అలుగుతరా?" అన్నాడు.

తర్వాత ఒక వారం ఫోన్ రాలేదు. లారీ సిగ్నల్ లేని చోట ఉందేమో అనుకున్నాను. నేను చేస్తే మోగేది కాదు. రోజూ సాయంత్రం స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. ఒక రోజు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అన్నతో లారీ మీద పనిచేసే ఒరిస్సా మనిషి. హిందీ, తెలుగు కలిపి మాట్లాడాడు. అన్న కుడిచేయి రాడ్ల మధ్య నలిగిందనీ, ఖమ్మంలో ఆసుపత్రిలో ఉన్నాడనీ చెప్పాడు.

సెలవు పెట్టి బయలుదేరాను. దోర్నపాల్ దాకా ఒకరి మోటార్ సైకిల్ మీద, అక్కడి నుంచి కుంట, భద్రాచలం, ఖమ్మం. సంచిలో రెండు చీరలు, ఒక దుప్పటి, కార్డులు, పిక్కలు పెట్టుకున్నాను. ఆసుపత్రిలో పడుకున్నవాడికి పొద్దు పోవాలి కదా అనుకున్నాను. నేను చదివింది హిందీ బడిలో. తెలుగు అక్షరాలు అప్పటికి సరిగా రావు. బోర్డుల ముందు నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వార్డు వెతుక్కున్నాను. చుట్టూ అందరూ తెలుగే మాట్లాడుతున్నారు. కాఫీ అమ్మేవాడు, ఊడ్చే ఆమె, లిఫ్టు దగ్గర పోట్లాడుకునేవాళ్లు, అందరూ. అంత తెలుగు ఒక్కసారి వినేసరికి నాకు ఏడుపొచ్చింది.

అన్న గోడ పక్క మంచం మీద ఉన్నాడు. ముంజేయి దాకా కట్టు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి లేవబోయాడు.

"ఎందుకొచ్చినవ్ చెల్లె, అంత దూరం?"

"కట్టు ఎప్పుడు మార్చిన్రు?" అన్నాను. నర్సును కదా, ముందు నోట్లోంచి వచ్చింది అదే. కట్టు చూశాను, మందుల చీటీ చూశాను. రెండు వేళ్లు తీసేశారని అప్పుడు చెప్పాడు.

ఒరిస్సా మనిషి బయటి నుంచి ఇడ్లీలు తెచ్చాడు. తిన్నాక నేను సంచిలోంచి కార్డులు తీసి మంచం మీద పెట్టాను. "నీ కార్డులు యాడున్నయి? బ్యాగులనా?" అని అన్నను అడిగాను.

ఒరిస్సా మనిషి కార్డులకేసి వింతగా చూశాడు.

"ఇయేంది? వాడి తాన ఇసోంటివి ఏం లేవు," అన్నాడు.

"గవ్వలు కూడ ఉంటయి. రోజూ సాయంత్రం వేస్తడు కదా, నాతోని ఫోన్ల మాట్లాడుకుంట."

"గవ్వలా? లేదు బహెన్. లారీ మీద ఎల్లకిల పండుకుంటడు. కళ్లు మూసుకుని రెండు, మూడు, నాలుగు అని చెప్తనే ఉంటడు. లెక్క చదువుతున్నడేమో అనుకునేటోన్ని."

నేను అన్న వైపు చూశాను. వాడు కిటికీ వైపు తిరిగాడు.

"లారీ ఎక్కిన మొదటి ఏడే పోయినయ్ చెల్లె," అన్నాడు. "బోరు నీళ్లు ఎగజిమ్మితే బ్యాగంత బురదైంది. కార్డులు ముద్దయినయ్. గవ్వలు యాడ పడ్డయో."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఆడవు కదా."

"మరి ఏం పడ్డదని చెప్పేటోనివి?"

"నోటికొచ్చింది."

"నన్ను ఓడగొట్టింది కూడ నోటికొచ్చిందేనా?"

"రోజూ నువ్వే గెలుస్తే నీకు అనుమానం రాదా?"

నాకు కోపం వచ్చింది. లేచి వరండాలోకి వెళ్లిపోయాను. రెండేళ్ల సాయంత్రాలు కళ్ల ముందు తిరిగాయి. నేను స్టూలు మీద పళ్లెం పెట్టుకుని, పిక్క అంచు మీద నిలబడితే మళ్లీ వేసి, ఎవరూ చూడకపోయినా ఒక్కసారి కూడా అబద్ధం చెప్పకుండా ఆడాను. ఆ ఆటలో నేను ఒక్కదాన్నే ఉన్నానని ఇప్పుడు తెలిసింది. ఆ కంచె మూల నాకు అంతకు ముందెప్పుడూ అంత ఖాళీగా తోచలేదు.

చాలాసేపు అక్కడే నిలబడ్డాను. పక్క మంచం వాళ్ల బంధువు ఎవరో, "ఎవరమ్మా, నీ అన్ననా?" అని అడిగింది. అవునన్నాను. "పొద్దున మందు ఇయ్యంగానె చెల్లె వస్తది, చెల్లె వస్తది అని కలవరించిండు," అంది ఆమె. అది విన్నాక కోపం తగ్గిందని చెప్పలేను. కానీ వాడు ఒంటి మీద అంత దుమ్ముతో, నడుము వాల్చగానే నిద్ర ముంచుకొచ్చే అలసటతో, కళ్లు మూసుకుని నా కోసం ఒక్కో బంతీ కల్పించాడన్న మాట అప్పుడు తట్టింది. పోయిన కార్డుల ర్యాంకులన్నీ వాడికి గుర్తే. నేను కార్డు చూసి చదివేదాన్ని. వాడు చూడకుండానే సరిగ్గా చెప్పేవాడు.

లోపలికి వచ్చి కార్డులు పంచాను. నా సగాన్నే మళ్లీ రెండు సగాలు చేశాను. పిక్కలు వాడి ఎడమ అరచేతిలో పోశాను.

"వేయి. ఈసారి నేను చూస్త."

వాడు ఎడమచేత్తో దుప్పటి మీదికి విసిరాడు. అన్నీ నల్లగా పడ్డాయి. మొదటి బంతికే అవుట్.

"ఫోన్ల అయితే ఇది సిక్సర్," అన్నాడు.

ఒరిస్సా మనిషికి ఏమీ అర్థం కాకపోయినా మాతో పాటు నవ్వాడు. సాయంత్రం దాకా ఆడాం. అన్న ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

వారం తర్వాత నేను తిరిగి వచ్చేశాను. కార్డులూ పిక్కలూ వాడి తలగడ పక్కనే వదిలేసి వచ్చాను. వాడు బోరు పనికి మళ్లీ పోలేకపోయాడు. ఖమ్మంలోనే మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో కాపలా పనికి కుదిరాడు. అక్కడే పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికి వెళ్లాను. వదిన కలుపుగోలు మనిషి. ఆమె తెలుగు వేగం, కొన్ని మాటలు నాకు అందవు.

ఆ తర్వాత ఫోన్లు తగ్గిపోయాయి. ఒకసారి వాడు ఉత్సాహంగా చేసి, క్రికెట్ కార్డులాట ఇప్పుడు ఫోన్లోనే వచ్చిందనీ, ఎక్కడెక్కడి వాళ్లతోనో ఆడొచ్చనీ, పొట్లం విప్పినట్టే కొత్త కార్డులు కూడా వస్తాయనీ చెప్పాడు. లింకు పంపాడు. కంచె మూలన నిలబడి ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. మా టవర్ మాటనే అతికష్టం మీద మోస్తుంది, ఆటను ఎక్కడ మోస్తుంది?

"అది రాదన్నా ఇక్కడ. ఊరికే మాట్లాడు," అన్నాను వాడికి మళ్లీ ఫోన్ చేసి.

"ఏం మాట్లాడాలె?"

నాకూ తోచలేదు. మేమిద్దరం పుట్టినప్పటి నుంచి మధ్యలో ఏదో ఒక ఆట పెట్టుకునే మాట్లాడుకున్నాం. అది తీసేస్తే, తిన్నవా అన్న మాట దగ్గరే ఇద్దరం ఆగిపోయాం. ఉంటానని పెట్టేశాడు. ఆ వానాకాలమంతా అలాగే గడిచింది. వాగులు పొంగి, మా ఉపకేంద్రానికి వారాల తరబడి ఎవరూ వచ్చేవారు కాదు. చూరు కింద కూర్చుని వాన చూసేదాన్ని. మితానిన్ దీదీ ఒక్కోసారి గొడుగు వేసుకుని వచ్చి, నా పక్కన కూర్చుని, బీడీ కాల్చుకుని వెళ్లేది.

ఈమధ్య ఒక సాయంత్రం వాడు ఫోన్ చేశాడు. గొంతులో కంగారు. వెనక చంటిబిడ్డ దగ్గు వినిపిస్తోంది. వాడికి కొడుకు పుట్టి అప్పటికి కొన్ని నెలలే.

"రెండు రోజుల నుంచి దగ్గుతుండు చెల్లె. ఇయ్యాల జరం గూడ వచ్చింది."

"ఫోన్ వాని ఛాతీ దగ్గర పెట్టు," అన్నాను.

పెట్టాడు. చిన్న ఊపిరి, గురగురమంటూ. గడియారం చూసుకుంటూ లెక్కపెట్టాను.

"వదినకు ఇయ్యి. వదినా, అంగీ పైకెత్తి చూడు. గాలి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నయా?"

"లేదు."

"పాలు తాగుతుండా?"

"తాగుతుండు. ఇందాకనే తాగిండు."

"అయితే ఇప్పటికి భయం లేదు. గోరువెచ్చని నీళ్ల గుడ్డతో ఒళ్లు తుడువు. పాలు ఆపకు. పొద్దున డాక్టర్‌కు చూపెట్టున్రి. ఎగశ్వాస వచ్చినా, పాలు మానేసినా పొద్దున దాకా ఆగొద్దు."

మర్నాడు మళ్లీ చేశారు. జ్వరం తగ్గిందట. ఆ మర్నాడూ చేశారు. బిడ్డ బోర్లా పడ్డాడట. వదిన మాట నాకు అందకపోతే మళ్లీ చెప్పమంటాను, ఆమె నెమ్మదిగా చెబుతుంది. అన్న వెనక నుంచి ఏదో అంటాడు, సగం వినబడుతుంది. రోజూ మాత్రం రాదు. రాని రోజు కంచె మూలన చీకటి పడేదాకా కూర్చుంటాను. నిన్న మాట్లాడుతుండగానే లైను తెగిపోయింది. మళ్లీ కలుస్తుందేమోనని ఫోన్ చేతిలో పట్టుకుని చూశాను. ఇంతలో ఉపకేంద్రం గుమ్మం ముందు నెలలు నిండిన ఒకామె, ఆమె అత్త నిలబడి నన్ను పిలిచారు. ఎప్పటి నుంచి నొప్పులని గోండిలో అడుగుతూ లోపలికి వెళ్లాను.